రెండోది తీసెయ్యమ్మా

మేడమ్ పోయారన్న సంగతి నాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పొద్దున్నే ల్యాబ్ తాళం తీస్తుంటే వాళ్ల చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క ఎల్లిపోయిందమ్మా" అన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిపోయారనుకున్నాను నేను. "అదేంటి ఆంటీ, ఇంకా కొన్నాళ్లు ఉంచుతామన్నారు కదా, అప్పుడే డిశ్చార్జ్ చేసేశారా?" అన్నాను. సంతోషంగానే అన్నాను. తర్వాత ఆవిడే, చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు నెమ్మదిగా, "కాదమ్మా. పోయింది. అక్క ఇంక లేదు" అన్నారు.

తాళంచెవి తాళానికే వదిలేసి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వచ్చింది, ఆ మాట ఆవిడ చేత రెండోసారి అనిపించానే అని. ఎదుటివాళ్లు ఒకటి చెబితే నేను ఇంకోటి అర్థం చేసుకోవడం నాకు మొదటినుంచీ ఉన్నదే. దాన్ని మేడమ్ ఊరికే వదిలేవారు కాదు. "నీకు సెవులున్నాయి గానీ గుంటా, వాటికి కరెంటు లేటుగా వత్తాది" అనేవారు; గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆ రోజు మాత్రం ఆ కరెంటు సాయంత్రం దాకా రాలేదు.

మేడమ్ అంటే నా పీహెచ్‌డీ గైడ్. విశాఖపట్నంలోనే ఒక ఫార్మసీ కాలేజీలో మందుల తయారీ చెప్పేవారు. పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో, పోర్టుకి కూతవేటు దూరంలో. వాళ్ల నాన్న పోర్టులో కళాసీ. క్రైస్తవ కుటుంబం. మేడమ్ పెళ్లి చేసుకోలేదు. సీతమ్మధారలో ఒక ఫ్లాటులో చెల్లెలితో కలిసి ఉండేవారు. ఆ చెల్లెలు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు; ఆవిడను నేను ఆంటీ అంటాను. క్లాసులో మేడమ్ ఇంగ్లీషు విని కొత్త పిల్లలు బెదిరిపోయేవారు. ల్యాబ్‌లోకి వచ్చాక కోపం వచ్చినా, ముద్దు వచ్చినా వన్ టౌన్ భాషే బయటికి వచ్చేది. "ఏటి సేత్తన్నావ్" అంటే కోపం. "ఏటే సేత్తన్నావ్" అంటే ముద్దు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఈలోపు ముద్దుకు భయపడి, కోపానికి నవ్వి, ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు.

ఆ రోజు ఫ్లాటుకి వెళ్లేసరికి హాల్లో ఫ్రీజర్ బాక్స్ పెట్టి ఉంది. గాజు మూత మీద చెమ్మ పట్టి ముఖం సరిగ్గా కనపడటం లేదు. ఆంటీ చీర కొంగుతో దాన్ని మాటిమాటికీ తుడుస్తున్నారు, అది మళ్లీ మళ్లీ పడుతోంది. నేను చెయ్యి వేస్తే జిల్లుమంది. అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఎవరికీ చెప్పలేదు. ఇంత చల్లగా ఉంటే మేడమ్ కదలాలి కదా, ఇలా బిగుసుకుపోయారేమిటి, అనుకున్నాను. మతి పోయిందనుకోకండి. మేము చేసే పని అలాంటిది.

మేము చేసేది కంటి చుక్కల మందు. లోకంలో నెయ్యి, కొబ్బరినూనె చలికి పేరుకుంటాయి, వేడికి కరుగుతాయి. మా మందు దానికి ఎదురు. చల్లగా ఉన్నంతసేపూ నీళ్లలా ఉంటుంది, వెచ్చబడితే జెల్లీలా పేరుకుంటుంది. సీసాలో నీళ్లలా ఉండి చుక్కగా జారాలి, కంట్లో పడగానే కంటి వెచ్చదనానికి అక్కడే నిలబడిపోవాలి. అప్పుడు మందు బుగ్గ మీదికి కారిపోదు, లోపల నిలిచి నెమ్మదిగా పని చేస్తుంది. ఆ గుణం ఉన్న పాలిమర్లు ఉన్నాయి. వాటిని నీళ్లలో కలిపి, ఇంకేవేవో చిటికెడు చిటికెడు వేసి, ఎంత వేడికి పేరుకోవాలో అంత వేడికే పేరుకునేలా చేయడం మా విద్య. ఆ చిటికెడు వేసేవాటినే ఎడిటివ్‌లు అంటాం. రోజూ అదే చూస్తూ బతికినదాన్ని, ఆ బాక్స్ ముందు నాకు చలికీ వేడికీ అర్థాలు తారుమారైపోయాయి.

ఇంతమంది ఇన్ని జబ్బుల మీద పని చేస్తుంటే కంటి చుక్కలే ఎందుకని మొదట్లో ఒకసారి అడిగాను. మేడమ్ గ్లవ్స్ తీసి టేబుల్ మీద పెట్టారు. వాళ్లమ్మకు గ్లకోమా ఉండేదట. రోజూ చుక్కలు వేసుకోవాలి. "నాను సిన్నప్పుడు ఎప్పుడు సూసినా మాయమ్మ బుగ్గ తడిగానే ఉండీది. మా నాన్న కొడతన్నాడనుకున్నాను. ఆయన్తో మాటలు మానేసాను. ఆయన హార్బర్ నుంచి జీళ్లు తెచ్చినా ముట్టీదాన్ని కాదు. పాపం ఆయనకి ఏటీ తెలీదు, గుంటకి ఏదో గాలి సోకిందని మందిరంలో పేర్దన సేయించాడు" అన్నారు. బుగ్గ మీదిది కన్నీళ్లు కాదు, మందు. కంట్లో ఉండాల్సింది కారిపోయేది. కొన్నేళ్లకు వాళ్లమ్మకు చూపు పూర్తిగా పోయింది. నాన్నతో మళ్లీ మాటలు కలిశాయా అని అడిగాను. "కలవకేటి. కానీ ఆ జీళ్లు మళ్లీ తేలేదు" అని గ్లవ్స్ తొడుక్కున్నారు.

మా చిక్కంతా ఈ ఊరితోనే. కన్ను పైపొర ముప్పైనాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మా ల్యాబ్ దానికి ఒకటి రెండు డిగ్రీలే తక్కువ. అంటే మా మందుకు విశాఖపట్నానికీ కంటికీ తేడా తెలియాలి. తెలిసేది కాదు. కంటిదాకా వెళ్లకుండా సీసాలోనే పేరుకుని కూర్చునేది. "ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి అని లేబుల్ మీద రాసేస్తే సరిపోతుంది కదా మేడమ్" అన్నాను ఒకసారి, తెలివైన మాట అన్నాననుకుని. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "ఎవలింట్లో ఫ్రిజ్‌లో? కరెంటు పోతేనో? మాయమ్మ మందు కిటికీలో పెట్టుకునీది. అందరి అమ్మలూ అక్కడే పెట్టుకుంటారు. నువ్ కిటికీలో పెట్టుకునే మందు సెయ్యి." ఆ తర్వాత ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కీ అదే పరీక్ష. పడమటి కిటికీ గట్టు మీద సీసా పెట్టడం, మధ్యాహ్నం వంచి చూడటం. వంచితే జారాలి. జారకపోతే ఆవిడ ఏమీ అనేవారు కాదు, సీసాను నా చేతిలో పెట్టి వెళ్లిపోయేవారు.

ఫ్రిజ్‌లో ఒక సీసా మీద మేడమ్ చేతిరాతతో 'కన్నీళ్లు' అని తెలుగులో చీటీ ఉంటుంది. ఉప్పు, సోడా, ఇంకొకటి రెండు లవణాలు కొలిచి కలిపిన నీళ్లు అవి. మందు కంట్లో పడ్డాక కన్నీళ్లతో కలుస్తుంది కదా, ఆ పరీక్షకు. "కన్నీళ్లు అయిపోయాయి మేడమ్" అంటే "రేపటికి కలుపుకో" అనేవారు. కొత్తగా చేరినవాళ్లు ఈ మాటలు విని కంగారు పడేవారు. ఆవిడ పోయిన వారం నేనే ఆ సీసా ఖాళీ చేశాను, మళ్లీ నేనే కలిపాను. చీటీ మాత్రం పాతదే ఉంచాను.

ఒకసారి మా ఊళ్లో ఆవు ఈనితే మా అమ్మ నాకు డబ్బాలో జున్ను పెట్టి పంపింది. మాది విజయనగరం వైపు పల్లె, వ్యవసాయం. మేడమ్ ఆ డబ్బా మూత తీసి ఎంత సంబరపడ్డారో. "ఇదేనే మన జెల్. మీయమ్మ మనకంటే ముందే సేసేసింది. పాలు వేడికి గడ్డకట్టాయి సూడు" అని ల్యాబ్‌లో అందరికీ తలో ముక్క పెట్టారు. తింటూ తింటూ ఆగి, "కానీ ఒకటుంది. జున్ను మళ్లీ పాలవదు. మనది అవుతాది. సల్లబెడితే మళ్లీ నీళ్లే. అదీ మన గొప్ప" అన్నారు. మా అమ్మకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే "జున్ను మళ్లీ పాలెందుకవ్వాలే, మీ మేడమ్‌కి తినడం రాదేటి?" అంది. అది కూడా మేడమ్‌కి చెప్పాను. రోజంతా గుర్తు చేసుకుని నవ్వారు.

ఆవిడకు మాటల పొదుపు ఎక్కువ. ఒక మాటను ఒకరికే ఖర్చు పెట్టడం ఇష్టం ఉండేది కాదు. తలుపు దగ్గర నిలబడి "ఆపు" అంటే, మందు కలిపే స్టిర్రర్ దగ్గరున్నవాళ్లు స్టిర్రర్ ఆపేవారు, కబుర్లలో ఉన్నవాళ్లు నోళ్లు ఆపేవారు. ఎవరిని అన్నారు మేడమ్ అని అడిగితే "తగిలినోలకి తగుల్తాది" అనేవారు. నాకు మాత్రం ఎప్పుడూ పక్కవాళ్లది తగిలేది. నోరు ఆపమంటే స్టిర్రర్ ఆపేసి ఒక బ్యాచ్ పాడుచేసిన చరిత్ర నాది.

ఐసు సంగతి కూడా చెప్పాలి. మా పాలిమర్ చల్లటి నీళ్లలోనే కలుస్తుంది. బీకరు చుట్టూ ఐసు పెట్టి కలపాలి. ఒక ఏడాది మా ఐసు మిషన్ చెడిపోయింది. అటెండరు ఫిషింగ్ హార్బర్ నుంచి గోనెసంచిలో ఐసు తెచ్చేవాడు. తొందరలో ఒకటి రెండు ముక్కలు బీకరు లోపల కూడా పడేవి, ఐసే కదా, కరిగితే నీళ్లే కదా అనుకునేవాళ్లం. అప్పటినుంచి ఏ బ్యాచ్ చూసినా ముందే పేరుకుపోవడం మొదలైంది. పాలిమర్ కొత్త డబ్బా తెప్పించాం. థర్మామీటర్ మార్చాం. నా చెయ్యి మంచిది కాదేమో అని నా బదులు వేరేవాళ్ల చేత కలిపించాం. ఏమీ అర్థం కాలేదు. ఒకరోజు మేడమ్ వచ్చి బీకరును ముక్కు దగ్గర పెట్టుకుని "సేపలేటి?" అన్నారు. నా డబ్బాలో కూర గురించి అడుగుతున్నారనుకుని "కాదు మేడమ్, వంకాయ" అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, సంచిలోంచి ఐసు ముక్క తీసి నాలుక మీద పెట్టుకున్నారు. ల్యాబ్‌లో ఏదీ నోట్లో పెట్టకూడదని మొదటి రోజు మాకు చెప్పింది ఆవిడే. "ఉప్పు" అన్నారు.

హార్బర్‌లో ఆ ఐసు చేపల బుట్టల మధ్య, సముద్రపు నీళ్లు పారే నేల మీద పగలగొడతారు. ఆ ఉప్పు మా బీకర్లోకి వచ్చింది. ఉప్పు పడితే మా జెల్ తొందరగా పేరుకుంటుంది. పోయిన పనంతా తలుచుకుని నేను ఏడుపు ముఖం పెట్టాను. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది. "మనం వెయ్యకుండా పడిందా? పడితే పడింది. ఇప్పుడు అదీ ఎడిటివే. పేరు రాసుకో" అన్నారు. తర్వాత ఉప్పును కొలిచి మరీ వేసి చూపించారు, ఎంత ఉప్పుకు పేరుకునే వేడి ఎంత తగ్గుతుందో. నా థీసిస్‌లో రెండో అధ్యాయం అదే. అనుకోకుండా పడినదాన్ని పారబోయడం ఆవిడకు తెలియదు.

ఇక ఆఖరి ఫోను. మేడమ్ గుండె కొంతకాలంగా సరిగ్గా లేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఆసుపత్రిలో చేరాక కూడా మధ్యాహ్నాలు నన్ను ఫోన్ చేయమనేవారు, కిటికీలో సీసా ఏమైందో చెప్పమని. అప్పటికి మా మందులో రెండు ఎడిటివ్‌లు ఉన్నాయి. మొదటిది, పేరుకునే వేడిని పైకి జరిపేది. రెండోది జిగురు, మందును కంటికి అంటిపెట్టుకునేలా చేసేది. ఆ జిగురు మంచిదే, కానీ పేరుకునే వేడిని మళ్లీ కిందికి లాగేస్తుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండింటి పాళ్లూ మార్చి మార్చి నా చదువు సగం గడిచింది. జిగురు తీసేద్దామన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. దాని పేరు నా థీసిస్ శీర్షికలోనే ఉంది మరి.

ఆ మధ్యాహ్నం ఫోన్ చేసి, "మేడమ్, ఇవాళా కిటికీలోనే పేరుకుపోయింది. ఏం చేయమంటారు, మొదటిది పెంచనా?" అన్నాను. ఆవిడ ఊపిరి బరువుగా వినపడుతోంది. "ఊఁ" అన్నారు. తర్వాత స్పష్టంగా, "రెండోది తీసెయ్యమ్మా" అన్నారు. ఇంకేదో చప్పుడు, ఎవరో కదిలినట్టు. "మళ్లీ మాటాడతాను" అని పెట్టేశారు. మర్నాడు పొద్దున్నే ఆంటీ ఫోను.

ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అది. సరిగ్గా అర్థం చేసుకోవాలని ఎంత భయపడ్డానో చెప్పలేను. రెండోది అంటే ఏ రెండోది? మా ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన ఉన్నాడు. "నీ రెండో చాప్టర్ని ఎప్పట్నుంచో తిడతన్నారు కదేటి, అదే తీసెయ్యమన్నారు" అన్నాడు. ఉప్పు అధ్యాయం తీసేయమంటారా మేడమ్? ఒక రాత్రికి తీసేసి, పొద్దున్న మళ్లీ పెట్టేశాను. ఫ్రిజ్‌లో రెండో బ్యాచ్ ఉంది, దాన్ని పారబోయమన్నారేమో అని పారబోశాను. పారబోశాక, తీసెయ్యమంటే ఫ్రిజ్‌లోంచి బయటికి తీయమనేమో అని సింకులోకి తొంగి చూశాను. తెలుగు మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. తియ్యమన్నా తియ్యడమే, పారెయ్యమన్నా తియ్యడమే అయితే మనిషి ఎలా బతకాలి?

సంతాప కూడికకు చర్చికి వెళ్లాను. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో నాకు తెలియదు, పక్కావిడను చూసి లేచాను, ఆవిడ చంటిపిల్లను బయటికి తీసుకెళ్లడానికి లేచిందని తర్వాత తెలిసింది. ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. మేడమ్ ఉంటే పగలబడి నవ్వేవారు. అక్కడ, అందరి మధ్యా నిలబడి ఉండగా, జిగురు అని తట్టింది. రెండో ఎడిటివ్. మొదటిది పెంచనా అని నేను అడిగినదానికి జవాబు అదే కదా. పెంచకు, రెండోది తీసెయ్ అని.

తీసేశాను. సీసా కిటికీలో పెట్టాను. మే మధ్యాహ్నం వంచి చూస్తే నీళ్లలా జారింది. కంటి వేడికి తెచ్చి వంచితే నిలబడిపోయింది. కన్నీళ్లు కలిపి చూశాను, అప్పుడూ నిలబడింది. అంటుకునే గుణం కొంత తగ్గిన మాట నిజమే, కానీ మందు నిలవాల్సినంతసేపు నిలిచింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చేశాను, హార్బర్ ఐసు లేకుండానే. ఇప్పుడు గైడ్‌గా ఉన్న సార్ చూసి, "బాగుంది. రెండోది ఎందుకు తీశావో కారణం రాయి" అన్నారు. మేడమ్ చెప్పారు అని రాయాలని కూర్చున్నాను. రాసేముందు ఆంటీకి ఒకసారి చూపిద్దామనిపించింది.

ఆదివారం సాయంత్రం చిన్న సీసా ఒకటి ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని బస్సెక్కాను. ఆంటీ టీ ఇచ్చి, మేడమ్ గదిలోనే కూర్చోబెట్టారు. కిటికీ తెరిచి ఉంది, సముద్రపు గాలి కొంచెం వస్తోంది. మంచం మీద దుప్పటి నలగకుండా ఉంది, తలవైపు రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి. ఆంటీ వాటివైపే చూస్తున్నారు.

"అంతా అయి ఆసుపత్రి నుంచి వచ్చాక నానే ఇలాగ పెట్టాను" అన్నారు. "అక్కడ డాక్టరు గారు తలకింద రెండు దిండ్లూ ఉండాలన్నారమ్మా, లేపోతే ఊపిరాడదని. ఆ మద్దేనం అక్క రెండోది తీసెయ్యమ్మా అంది. నీతోటే ఫోన్లో ఉంది అప్పుడు. మెడ లాగేత్తందేమో అనుకుని నాను తీసేసాను. తెల్లారేతలికి అక్క లేదు."

నేను టీ కింద పెట్టేశాను.

"డాక్టరు గారిని అడిగాను. దిండుకీ దానికీ సంబంధం లేదన్నారు. ఆయన సెప్పారు, నాను ఇన్నాను. కానీ పడుకుంటే నిద్దర రాదు. అక్క అడిగింది కాబట్టే తీసాను కదా అనుకుంటాను. అంతే, అదొక్కటే నాకు ఆసరా." ఆవిడ నా వైపు తిరిగారు. "నీకూ ఇనబడే ఉంటాది కదమ్మా ఆ మాట?"

నెమ్మదిగా ఉన్నప్పుడు మేడమ్ ఏ ఆడమనిషినైనా అమ్మా అనే పిలిచేవారు. నన్నూ, చెల్లెల్నీ, నర్సునీ. ఇన్నాళ్లూ ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆ మాట నాదైతే, ఆంటీ ఎవరూ అడగకుండానే దిండు తీసినట్టు. ఆంటీదైతే, నేను ఎవరూ చెప్పకుండానే జిగురు తీసినట్టు. మేడమ్ నాకు ఆఖరిగా చెప్పింది ఏమీ లేనట్టు. ఏది చెప్పినా ఇద్దరిలో ఒకరి చేతిలో ఏమీ మిగలదు. ఆ మాట ఆవిడకే ఇచ్చేద్దామనుకున్నాను. నోరు తిరగలేదు. అబద్ధం చెప్పడం కూడా నాకు లేటుగానే వస్తుంది.

"వినబడింది ఆంటీ" అన్నాను. "కానీ నాకు చెప్పారనుకున్నాను."

ఆవిడ ముఖం పాలిపోయింది. "నీకా?" అన్నారు. "అయితే నాకు కాదా?"

నేను ఫ్లాస్కు మూత తీశాను. కిటికీలో పెట్టుకునే మందు సంగతి, జిగురు సంగతి, ఆ మాట విని నేను తీసేసిన సంగతి, తడబడుతూ అన్నీ చెప్పాను. సీసా ఆవిడ చేతిలో పెట్టాను. అటూ ఇటూ ఊపి చూశారు, లోపల నీళ్లలా కదిలింది. గుప్పిట్లో గట్టిగా పట్టుకోమన్నాను. సీసా వెచ్చబడేదాకా అలాగే పట్టుకున్నారు. తర్వాత గుప్పిట విప్పి, సీసాను తలకిందులు చేశారు. లోపలిది జారలేదు, అడుగునే అంటిపెట్టుకుని ఉంది.

"మాయమ్మకి ఉండి ఉంటే" అన్నారు. బుగ్గ మీద కారింది తుడుచుకోలేదు.

సీసాను కిటికీ గట్టు మీద పెట్టి, కాసేపు గాలికి నిలబడ్డారు. తిరిగి నా వైపు చూసినప్పుడు ముఖంలో మేడమ్ పోలిక కనిపించింది. "ఇంట్లోనూ అంతేనమ్మా అక్క. 'అన్నం' అనీది. నాను కంచాలు పెట్టీదాన్ని, అమ్మ వడ్డించీది. ఎవల్ని అన్నావే అంటే సెప్పీది కాదు."

"తగిలినోలకి తగుల్తాది" అన్నాను నేను.

"అక్కడా అదేనా?" అని ఆవిడ నవ్వారు. మేడమ్ పోయాక ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. "అయితే ఇద్దరికీ తగిలింది. పోనీలే."

కారణం అన్న చోట ఏం రాయాలో నాకు ఇంకా తెలియలేదు. దిండు గురించి అన్న మాట బీకర్లో పడిందని రాస్తే థీసిస్ ఒప్పుకోరు. మేడమ్ మాత్రం ఒప్పుకునేవారనుకుంటాను. మనం వెయ్యకుండా పడితే పడింది, పేరు రాసుకో అనేవారు. ఆవిడ నాతోనే అన్నారేమో కూడా. ఎవరు చెప్పగలరు?

ఆంటీ మంచం దగ్గరికి వెళ్లారు. రెండో దిండు పైనుంచి తీశారు. తెచ్చి నా వీపు వెనక పెట్టి, "ఆనుకోమ్మా, బస్సులో నిలబడి వచ్చుంటావు" అన్నారు. నేను ఆనుకున్నాను. కిటికీలో సీసా మీద గాలి తగులుతోంది. ఆవిడ వెళ్లి దాన్ని వంచి చూశారు.

"మళ్లీ నీళ్లయిపోయిందే" అన్నారు.

"అవుతుంది ఆంటీ. జున్ను కాదు కదా" అన్నాను.

ఆవిడకు అర్థమయిందో లేదో తెలియదు. కిటికీ దగ్గర నిలబడే, సీసాను మళ్లీ గుప్పిట్లోకి తీసుకుని వేళ్లు మూశారు.